జలుబని రాసుకున్నాను

జనవరి 9, శుక్రవారం

ఈ నోటుబుక్కు మా రికార్డింగు స్టూడియోది. ఏ టేకు బాగుంది, ఎక్కడ దగ్గు వచ్చింది, ఎక్కడ కుర్చీ కిర్రుమంది అని రాసుకోవడానికి కొన్నది. ఇవాళ్టి నుంచి వెనక పేజీల్లో నా సొంత గొడవ రాసుకుంటాను. ముందు పేజీలు చూసేవాళ్లు వెనక్కి తిప్పరు.

ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చాం. మా పిల్ల పిచ్చుకకు పదమూడేళ్ల మూడు నెలలు. మగపిల్లాడిగా పుట్టింది. తొమ్మిదో ఏట మా ఇద్దరినీ మంచం మీద కూర్చోబెట్టి, "నేను అమ్మాయిని. మీకు తెలియడం లేదంతే" అని చెప్పింది. నాలుగేళ్లుగా ఇంట్లో, బడిలో అమ్మాయిగానే ఉంది. రెండేళ్లుగా మనసు డాక్టరు దగ్గర కూర్చుని వస్తోంది. ఆ ఒక్క మాట మీద ఏ రోజూ వెనక్కి తగ్గలేదు. నేనే రోజుకో రకంగా ఉన్నాను.

డాక్టరమ్మ చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తాను, తర్వాత నాకు అనుకూలంగా మార్చుకోకుండా. ఒంట్లో వచ్చే మార్పులను కొంతకాలం నిలిపి ఉంచే ఇంజెక్షన్ ఉంది. దానితో తెరిపిన పడ్డ పిల్లలను ఆమె చూసింది. ఎముకల గట్టిదనానికి ఏమవుతుంది, ముందు ముందు పిల్లలు కనే సంగతేమిటి, పెద్దయ్యాక వద్దనిపిస్తే ఎలా అంటే మాత్రం ఆమె చెప్పగలిగింది కొంతే. "పెద్ద పెద్ద డాక్టర్లే దీని మీద రెండు జట్లుగా పోట్లాడుకుంటున్నారండీ. తెలియనిది తెలుసని నేను చెప్పలేను" అంది. ఆ మాటకు మా ఆవిడకు ఆమె మీద గురి కుదిరింది. నేను, సంతకం ఇవాళే పెట్టాలా అని అడిగాను.

ఇంటికొచ్చి ఒప్పందం చేసుకున్నాం. పిచ్చుకకు అన్నిటికంటే భయం గొంతంటే. మీసం వస్తే తీసేయొచ్చట, గొంతు దిగితే మళ్లీ ఎక్కదట. నిజమే, అది నాకూ తెలుసు. అందుకని గొంతు మారడం మొదలయ్యేదాకా ఆగుతాం. మొదలైన రోజే ఇంజెక్షన్‌కు ఒప్పుకునే ఫారం మీద ఇద్దరం సంతకం పెడతాం. కనిపెట్టే పని నాది. ఇరవై రెండేళ్లుగా జనం గొంతులు వినడమే కదా నా ఉద్యోగం.

"మా ఇద్దరికంటే ముందు మీ చెవికే తెలుస్తుంది" అంది మా ఆవిడ.

"నిజం చెప్తావా నాన్నా?" అంది పిచ్చుక.

"నా చెవి ఎప్పుడన్నా అబద్ధం చెప్పిందా?" అన్నాను, పెద్ద మొనగాడిలా.

జనవరి 17, శనివారం

రోజూ పొద్దున పాలు తాగాక నా ఎదురుగా నిలబడి "మళ్లీ చెప్పు చూద్దాం!" అంటుంది. నేను కళ్లు మూసుకుని వింటాను. "ఇంకా లేదు" అంటాను. బడి సంచీ తగిలించుకుని గెంతుతూ మెట్లు దిగిపోతుంది.

ఆ మాట తన సొంతమే. చిన్నపిల్లల పాఠాల ఆప్‌లో పిచ్చుక గొంతు మా పిల్లదే. ఏడో ఏట నేనే రికార్డు చేశాను. చదివే పిల్లలు తప్పు పలికితే తెర మీద పిచ్చుక రెక్కలాడించి "మళ్లీ చెప్పు చూద్దాం!" అంటుంది. అప్పటి నుంచి ఇంట్లో ఆ పేరే స్థిరపడిపోయింది. వేలమంది పిల్లలు మా పిల్ల గొంతు విని తప్పులు దిద్దుకుంటున్నారని లిఫ్టులో కనపడ్డ ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. విసుగొచ్చి కొందరు మెట్లెక్కడం మొదలుపెట్టారని మా ఆవిడ అంటుంది.

ఫిబ్రవరి 4, బుధవారం

ఆప్ వాళ్లు పన్నెండు కొత్త వాక్యాలు అడిగారు. బడి అయ్యాక పిచ్చుకను స్టూడియోకు తీసుకెళ్లాను. మైకు ఎత్తు పెంచాల్సి వచ్చింది, పొడుగైంది.

ఆరు వాక్యాలు ఎప్పటిలాగే. ఏడోది "ఏనుగు ఎంత పెద్దదో చూశావా?" అందులో "పెద్దదో" దగ్గర గొంతు జారింది. అరక్షణం. అద్దానికి ఇటువైపు నేను టేకు ఆపలేదు. తర్వాతి వాక్యాలన్నీ కాస్త బరువుగా వచ్చాయి, శ్రుతిలో రెండు మెట్లు కిందికి.

పిచ్చుక హెడ్‌ఫోన్లు తీసి నా మొహంలోకి చూసింది. "ఏమైంది నాన్నా?"

"జలుబు" అన్నాను.

"అవునా?"

"బడిలో అందరికీ ఉందన్నావుగా."

జలుబు.

ఫిబ్రవరి 5

జలుబే. పొద్దున రెండుసార్లు తుమ్మింది.

ఫిబ్రవరి 7, శనివారం

దగ్గు సిరప్ కొన్నాను. పిచ్చుక బుద్ధిగా రెండు మూతలు తాగింది. మామూలుగా సిరప్ అంటే ఇల్లంతా పరుగెత్తించే పిల్ల.

మధ్యాహ్నం స్టూడియోలో ఏడు నుంచి పన్నెండు దాకా వాక్యాలను రెండు మెట్లు పైకెత్తాను. "పెద్దదో" దగ్గర జారిన చోట పాత రికార్డింగు నుంచి ఒక "దో" తీసుకొచ్చి అతికించాను. అతుకు నాకే వినపడలేదు. ఇంత బాగా ఎప్పుడూ పని చేయలేదు. ఓనరు విని, "ఈ పిల్ల గొంతు ఏళ్లు గడిచినా అలాగే ఉందే!" అన్నాడు.

మా ఆవిడ సాయంత్రం అడిగింది. "ఇంకా లేదు" అన్నాను. జలుబు తగ్గితే తేలిపోతుంది కదా. తేలకముందే ఆమెను కంగారు పెట్టడం దేనికి?

ఫిబ్రవరి 19, గురువారం

అక్క ఫోను. నన్ను ఎత్తుకుని పెంచింది కాబట్టి నా మీద సర్వహక్కులూ ఉన్నాయంటుంది.

"ఒరేయ్ తమ్ముడూ, పద్నాలుగేళ్లప్పుడు నువ్వు ఓడ నడుపుతానని మూడు రోజులు అన్నం మానేశావు. ఓడ కొనిచ్చామా?"

"అదీ ఇదీ ఒకటేనా అక్కా?"

"ఒకటి కాదు. అందుకే భయం. రేపు పాతికేళ్లకు వచ్చి, 'చిన్నపిల్లణ్ణి, నాకేం తెలుసు, నువ్వెందుకు ఆపలేదు' అని అడిగితే ఏం చెప్తావు?"

అక్కకు పిచ్చుకంటే ప్రాణం. పోయిన ఏడు గౌను కుట్టి పంపింది, నోరు మూసుకుని. ఆవిణ్ణి తిట్టుకోలేను.

మా ఆవిడకు చెప్పాను. కంచాలు తుడుస్తూ, "మరి 'ఎందుకు ఆపావు' అని అడిగితే?" అంది.

నా పనిలో ఒక మీట ఉంది. తప్పు చేస్తే దాన్ని నొక్కుతాను, చేసింది చెయ్యనట్టే అయిపోతుంది. ఇరవై రెండేళ్లు దాని మీద వేలు పెట్టుకుని బతికాను. అందుకే సంతకం అంటే చచ్చేంత భయం. దానికి ఆ మీట లేదు. ఇంతే నా భయం, ఇందులో గొప్ప ఆలోచన ఏమీ లేదు.

ఫిబ్రవరి 20

జలుబు.

మార్చి 3, మంగళవారం

మధ్యాహ్నం వార్తల్లో చెప్పారు. ఈ వైద్యం మీద పెద్ద కమిటీ వేశారు. అది తేల్చేదాకా ఆసుపత్రుల్లో కొత్త పేర్లు తీసుకోరు. మార్చి ముప్పై ఒకటి లోపు ఫారం ఇచ్చినవాళ్లకు మాత్రం కొనసాగిస్తారు. తర్వాత ఒకాయన పిల్లలను కాపాడారని చప్పట్లు కొట్టాడు, ఒకావిడ పిల్లలను గాలికొదిలేశారని ఏడ్చింది. ఇద్దరూ నిజంగానే భయపడుతున్నారు, గొంతులో తెలిసిపోతోంది. మాట దాచుకోవచ్చు, ఊపిరి దాచుకోలేం.

మా ఆవిడ తన కళ్లద్దాల షాపు నుంచి ఫోను చేసింది. "విన్నారా? ఇంకా మొదలవలేదుగా?"

"ఇంకా లేదు."

"గడువులోపు మొదలవకపోతే ఏం చేద్దాం?"

"చూద్దాం."

ఫారం నా బీరువా సొరుగులో ఉంది, పాత వైర్ల కింద. ఎవరు పెట్టారక్కడ? నేనే.

మార్చి 10, మంగళవారం

ఇప్పుడు నాలుగు మెట్లు.

పొద్దున "మళ్లీ చెప్పు చూద్దాం" అన్నప్పుడు గొంతు పైకి లేపి, కావాలని సన్నగా అంది. ఆ చివర గీరుకుపోయింది. అయినా నా వైపు ఆశగా చూసింది. "జలుబు ఇంకా వదల్లేదు" అన్నాను. "అవును, వదల్లేదు" అంది వెంటనే. నేను చెప్పేది నమ్మాలని ఎంత తొందరో దానికి.

తన స్నానం పాటలు ఆగిపోయాయి. ఎప్పటి నుంచో గుర్తు లేదు. నాకు గుర్తు లేకపోవడమేమిటి? పోయిన నెల పదకొండు నుంచి.

మార్చి 14, శనివారం

అయిపోయింది. రాయాలి.

పది గంటలకు స్టూడియోకు వచ్చాను, ఓనరు లేడు. టీ తెచ్చుకోవడానికి కిందికి దిగి వచ్చేసరికి నా కుర్చీలో పిచ్చుక ఉంది. తలకు నా హెడ్‌ఫోన్లు. ఆ గదిలోనే పాకింది, నడిచింది, ఏ ఫైలు ఎక్కడుంటుందో నాకంటే బాగా తెలుసు.

మా కింది ఫ్లాటులో మూడేళ్ల పిల్ల ఆప్ చూస్తోందట. మెట్ల మీద పిచ్చుకకు వినపడిందట, "ఏనుగు ఎంత పెద్దదో చూశావా?" నున్నగా, ఎక్కడా జారకుండా. అక్కడి నుంచి నేరుగా ఇటొచ్చింది.

"ఇది నేను కాదు" అంది.

"నువ్వే తల్లీ. కొంచెం శుభ్రం చేశానంతే."

"రెండు మెట్లు ఎత్తావు. ఇక్కడ రాసుంది." తెర మీద వేలు పెట్టింది. "ఫిబ్రవరి నాలుగు నాన్నా. జలుబన్నావు. నేను సిరప్ తాగాను."

చేతిలో టీ ఒలికి చెప్పు మీద పడింది. కాలిందో లేదో తెలియలేదు.

"నాకు మందు వేయడానికి నీకు భయం. నా గొంతును మాత్రం నన్నడక్కుండానే ఎత్తేశావు."

"అది మిషన్లో చేసింది తల్లీ. మీట నొక్కితే వెనక్కి వచ్చేస్తుంది. ఒంటి మీద చేసింది అలా రాదు. అందుకే..."

లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని, నా వేలు తన గొంతు మీద పెట్టుకుంది. గట్టిగా ఒక ముడి తగిలింది, పోయిన ఏడు అక్కడ అది లేదు.

"నా గొంతుకు ఉందా ఆ మీట? ఏదీ, నొక్కు. జనవరికి తీసుకెళ్లు."

"నొక్కు" దగ్గర గొంతు రెండుగా చీలింది. తనకే వినపడింది. చేత్తో నోరు మూసుకుంది. చెయ్యి తియ్యకుండానే తలుపు తోసుకుని వెళ్లిపోయింది.

మార్చి 15

మాట్లాడలేదు.

మార్చి 16

మాట్లాడలేదు. కాగితం ముక్క మీద "పాలు వద్దు" అని రాసి గిన్నె పక్కన పెట్టింది.

మా ఆవిడ తన నుదురు తాకి చూసి, "జలుబు అంత ముదిరిందా? గొంతు పూర్తిగా పోయిందా ఏమిటి?" అంది. పిచ్చుక నా వైపు ఒకసారి చూసి, అవునన్నట్టు తలూపింది.

అమ్మకు చెప్పలేదు. నన్ను పట్టివ్వలేదు. పట్టిచ్చినా బాగుండేది.

మార్చి 17

మాట్లాడలేదు.

మార్చి 18, బుధవారం

బడి నుంచి టీచరు ఫోను చేసింది. పేరు పిలిస్తే పలకడం లేదట, చెయ్యెత్తుతోందట. వెనక బెంచీవాళ్లు నవ్వారట.

సాయంత్రం బాత్‌రూములోకి వెళ్లింది. తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాను. కుళాయి ఆగింది. తర్వాత ఏమీ లేదు. నేను శబ్దాల మనిషిని, నిశ్శబ్దంలో కూడా ఏదో ఒకటి వెతుక్కుంటాను. ఊపిరి కూడా వినపడలేదు. ఏవేవో ఊహలు వచ్చాయి, అవి ఇక్కడ రాయను. తలుపు రెండు చేతులా బాదాను. గడియ విరిగేలా బాదాను.

తలుపు తీసింది. నోట్లో బ్రష్షు. గడ్డం మీద నురుగు. అద్దంలో గొంతు చూసుకుంటూ నిలబడి ఉండాలి, అద్దం మీద ఊపిరి మచ్చ ఇంకా ఉంది.

మా ఆవిడ వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చి నన్ను చూసింది. పిచ్చుకను చూడలేదు, నన్నే చూసింది.

మార్చి 19

మాట్లాడలేదు.

మార్చి 20

మాట్లాడలేదు. ఇంకా పదకొండు రోజులున్నాయి.

మార్చి 21, శనివారం

మా ఆవిడ షాపుకు వెళ్లాను. ఒక పెద్దాయనకు చూపు పరీక్ష చేస్తోంది. "ఇది బాగుందా, ఇదా? మళ్లీ చూడండి. ఇదా, ఇదా?" రోజంతా అదే ఓపిక. ఆయన వెళ్లేదాకా తేలు కుట్టిన దొంగలా ఫ్రేముల బీరువా పక్కన నిలబడ్డాను.

అంతా చెప్పాను. నాలుగో తారీఖు, సిరప్, రెండు మెట్లు, నాలుగు మెట్లు.

చాలాసేపు చేతిలో అద్దం తుడుస్తూనే ఉంది.

"ఆరు వారాలు" అంది.

"తగ్గుతుందేమో అనుకున్నాను."

"అనుకోలేదు. మీ చెవి సంగతి నాకు తెలుసు. పక్కింటి ఫ్రిజ్ పాడైతే వాళ్లకంటే ముందు మీరు చెప్పారు." అద్దం పెట్టెలో పెట్టింది. "నాకు భయం లేదనుకున్నారా? దాని ఎముకలు గుల్లబారతాయేమోనని నాకు లేదా? రేపు నన్నే తిడుతుందేమోనని లేదా? ఇద్దరం కూర్చుని భయపడి ఉంటే సరిపోయేది. వద్దని చెప్పినా కొట్లాడేదాన్ని కానీ ఇలా ఉండేదాన్ని కాదు. మీరొక్కరే భయపడి, మాకేమో సిరప్ పోశారు."

షట్టరు సగం దించి, దాని కింద కూర్చుని ఏడ్చింది. నేను పక్కన కూర్చుంటే లేచి అటు వెళ్లి కూర్చుంది. తర్వాత ఆసుపత్రికి తనే ఫోను చేసి గురువారానికి సమయం తీసుకుంది.

మార్చి 26, గురువారం

డాక్టరమ్మ గది. మేం ముగ్గురం, మధ్యలో పిచ్చుక, మెడకు మఫ్లరు. బయట ఎండ.

"గొంతులో మార్పు ఎప్పటి నుంచి?" అని అడిగింది డాక్టరమ్మ, కలం పట్టుకుని.

పిచ్చుక తల వంచుకుంది. మా ఆవిడ కిటికీ వైపు చూసింది. ఆమె చెప్పదని అర్థమైంది. అది నా వంతు.

"ఫిబ్రవరి నాలుగు" అన్నాను. నాకే సరిగ్గా వినపడలేదు. గదిలో ఫ్యాను నా గొంతు కంటే పెద్దగా ఉంది.

పన్నెండు రోజుల తర్వాత పిచ్చుక నోరు తెరిచింది. దిగిపోయిన గొంతుతో, దాచుకోకుండా, నా మొహంలోకి చూస్తూ అంది.

"మళ్లీ చెప్పు చూద్దాం."

నవ్వలేదు. వెక్కిరించనూ లేదు. చిన్నపిల్లలు తప్పు చదివితే చెప్పే మాట, అలాగే చెప్పింది.

"ఫిబ్రవరి నాలుగు" అన్నాను గట్టిగా. "సాయంత్రం నాలుగున్నర. నాకు అప్పుడే తెలుసు. వీళ్లకు జలుబని చెప్పాను."

డాక్టరమ్మ రాసుకుంది. నన్ను ఏమీ అనలేదు, అంటే బాగుండు అనిపించింది. దిగిన గొంతు ఇంజెక్షన్‌తో వెనక్కి రాదంది. ఇంకా దిగకుండా నిలపవచ్చు, మందు పని మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆలోపు ఇంకాస్త దిగవచ్చు. ఎముకల స్కాను ముందు, ప్రతి ఏడూ మళ్లీ. పోయినసారి తెలియవన్నవి ఇప్పటికీ తెలియవంది. వద్దనుకుంటే ఏ రోజైనా ఆపేయవచ్చు, కానీ ఆపేస్తే అంతా మొదటికి వచ్చేస్తుందని రాసివ్వలేనంది.

"నీకేం కావాలి?" అని పిచ్చుకను విడిగా అడగడానికి మమ్మల్ని బయటికి పంపింది. వరండాలో బల్ల మీద ఇరవై నిమిషాలు కూర్చున్నాం. మా ఆవిడ నా చెయ్యి పట్టుకోలేదు. సంచీ మాత్రం మా ఇద్దరి మధ్య నుంచి తీసి కింద పెట్టింది.

మార్చి 30, సోమవారం

ఫారం ఇచ్చాం. ముందు మా ఆవిడ, తర్వాత నేను. నా సంతకం వంకరపోయింది, గుమాస్తా గుర్తింపు కార్డుతో పోల్చి చూసి రెండోసారి పెట్టించాడు. మీద ముద్ర వేశాడు. ఆ శబ్దం ఇంకా చెవిలో ఉంది.

అక్కకు ఫోను చేసి చెప్పాను. "దానికి చలవ చేసేవి పెట్టు" అని ఫోను పెట్టేసింది.

ఆప్ వాళ్లకూ చెప్పాను, ఆ ఆరు వాక్యాలు తీసేయమని. ఓనరు కోపంతో చిందులేశాడు. వేయనీ.

సంతకం పెట్టినందుకు భయం. ఆరు వారాలు పెట్టనందుకు భయం. ఒకటి వస్తే ఇంకోటి పోతుందనుకున్నాను. రెండూ ఉన్నాయి.

ఏప్రిల్ 15, బుధవారం

స్కాను బాగానే ఉంది. మొదటి ఇంజెక్షన్ అయి తొమ్మిది రోజులు. చెయ్యి నొప్పి తప్ప ఏమీ లేదట. రోజూ ఏదో ఒకటి కనపడుతుందేమోనని తన మొహంలో వెతుకుతున్నాను.

మాట్లాడుతోంది. మా ఆవిడతో బాగానే, నాతో అవసరమైనంత.

ఇవాళ పొద్దున పాలు తాగాక, జనవరిలో నిలబడ్డట్టే నా ఎదురుగా వచ్చి నిలబడింది. నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

"మళ్లీ చెప్పు చూద్దాం" అంది. ఆగింది. "ఎలా ఉంది?"

కళ్లు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు. మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

"పోయిన వారం కంటే అర మెట్టు దిగింది" అన్నాను.

పిచ్చుక ఖాళీ గ్లాసులోకి కాసేపు చూసింది. తర్వాత సంచీ తగిలించుకుంది.

"సరే" అంది. "రేపు కూడా చెప్పు."